బహుళార్థసాధక మైదానంలో మన వాటా

'బహుళార్థసాధకం' అన్న మాట మా నల్లగొండ జిల్లాకు నాగార్జునసాగర్‌తో పాటు వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. సరిగ్గా మూడు వారాల ముందు, నవంబరు 19న, హైదరాబాదు ఫతే మైదానంలో ఆ నగరపు మొట్టమొదటి టెస్టు మ్యాచ్ మొదలైంది. న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల మీదుగా పోయే ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. ఆ ఏడాదే ఫతే మైదానం లాల్ బహదూర్ స్టేడియం అయింది. నీళ్లకూ ఆటలకూ ఒకే పేరు పెట్టిన కాలం అది. రెండూ ప్రజల సొమ్ముతో నిలిచినవే. రెండూ పదిమందికీ పదిరకాలుగా అక్కరకొస్తాయని చెప్పినవే.

సాగర్ రాతి ఆనకట్ట. యంత్రాల కన్నా మనుషుల చేతులు ఎక్కువగా కట్టిన కట్టడం. తట్టలు మోసిన ఆ మనుషుల్లో ఆడవాళ్లు వేలల్లో వున్నారు. నీళ్లొచ్చాక పట్టా ఎవరి పేరున వుంది, నీటి తగువులో ఎవరు కూర్చున్నారు అన్న ప్రశ్నల్ని స్త్రీవాదులు ఎన్నోసార్లు అడిగారు. అదే ప్రశ్నను స్టేడియం ముందు నిలబడి మనం పెద్దగా అడగలేదు. ఆటలంటే మనకేదో చిన్నచూపు వుంది. కవిత్వం గురించి, కుటుంబం గురించి, శరీర రాజకీయాల గురించి అన్ని పేజీలు నింపిన మనం, ఆ శరీరం పరుగెత్తడానికి ఊళ్లో ఎంత జాగా వుందో లెక్కగట్టలేదు. బహుళార్థసాధక స్టేడియం చరిత్ర రాయాలంటే మొదట ఆ 'బహుళ అర్థాలు' ఎవరివో చూడాలి.

సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ రహదారి మీద వుంటాయి. మిర్యాలగూడ ఆ దారికి కాస్త దిగువన గుంటూరు రైలు మార్గం మీద వుంటుంది. ఈ మూడు పట్టణాల పేర్లు ఏ అంతర్జాతీయ మ్యాచ్ రికార్డులోనూ కనబడవు. కానీ ఆ దారికి అటు చివర లాల్ బహదూర్ స్టేడియం, ఇటు చివర విజయవాడ నగరపాలక సంస్థ సొంత ఆస్తి అయిన ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం వున్నాయి. మొదటిది రాష్ట్ర క్రీడా సంస్థ చేతిలో వుంటే రెండోది అచ్చంగా నగరానిది, అంటే పన్ను కట్టే ప్రతి ఇంటిది. నడుమనున్న మన పట్టణాల ఆడపిల్లలకు ఆట అంటే ఏమిటో, ఎవరిదో చెప్పినవి ఈ రెండు చివర్లే.

ఈ రెండు స్టేడియాల్లో ఆటలు కాకుండా జరిగినవి చూడండి. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. 2004 మేలో వైఎస్ రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ప్రమాణాలు కూడా అక్కడే. 2019 మే 30న జగన్‌మోహన్ రెడ్డి ప్రమాణ స్వీకారం విజయవాడ మున్సిపల్ స్టేడియంలో జరిగింది. ఆ ఏడాది నుంచి ఆగస్టు 15 రాష్ట్ర ఉత్సవాలకూ ఆ మైదానమే వేదికయింది. స్టేడియం మన దగ్గర రాజ్యాధికారపు ఆరుబయలు గది. ఆ గదిలో ప్రమాణం చేసిన ముఖ్యమంత్రుల్లో ఇప్పటిదాకా ఒక్క స్త్రీ కూడా లేదు. మహిళలు బస్సుల్లో వస్తారు, గ్యాలరీలు నింపుతారు, ఫొటోల్లో రంగుల చీరలుగా కనబడతారు.

అయితే ఇదే మైదానాల్లో స్త్రీలు ఆడిన రోజులూ వున్నాయి. స్త్రీల క్రికెట్ ప్రపంచ కప్పు 1973లో ఇంగ్లండులో మొదలైంది. పురుషులది మొదలైంది 1975లో. రెండేళ్లు ముందున్నది ఆడవాళ్లే. రెండో మహిళా ప్రపంచ కప్పు 1978లో మన దేశంలో జరిగింది. ఆస్ట్రేలియా, ఇంగ్లండు, న్యూజిలాండ్, ఇండియా, నాలుగే జట్లు. విడిగా ఫైనల్ లేదు. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడాలి. అప్పటికి ఓటమి లేని ఆస్ట్రేలియా, ఇంగ్లండు 1978 జనవరి 13న, సంక్రాంతి ముంగిట్లో, లాల్ బహదూర్ స్టేడియంలో తలపడ్డాయి. ఆస్ట్రేలియా 8 వికెట్ల తేడాతో గెలిచింది. అంటే ఒక ప్రపంచ విజేత ఎవరో తేలింది మన హైదరాబాదులో, ఫతే మైదానం మట్టి మీద. ఉమ్రిగర్ 223 గురించి చెప్పే పెద్దలు ఈ ఊళ్లలో ఇప్పటికీ వున్నారు. 1978 జనవరి 13 గురించి చెప్పేవాళ్లు ఎంతమంది? జ్ఞాపకం కూడా ఆస్తిలాంటిదే. దానికీ వారసత్వపు హక్కు మగపిల్లలకే పోయింది.

ఆ రోజుల్లో భారత మహిళా జట్టును నడిపింది క్రికెట్ బోర్డు కాదు. 1973లో ఏర్పడిన మహిళా క్రికెట్ సంఘం. చేతిలో డబ్బులేని సంఘం అది. ఆటగత్తెలు రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో ప్రయాణం చేశారు, డార్మిటరీల్లో నేలమీద పడుకున్నారు. 2006లో గానీ అది బోర్డులో కలవలేదు. ఈ ముప్పై మూడేళ్లలో హైదరాబాదు నుంచి పూర్ణిమా రావు వచ్చి 1995లో భారత జట్టుకు నాయకత్వం వహించింది. సికింద్రాబాదులో ఆట నేర్చుకున్న మిథాలీ రాజ్ 1999 జూన్‌లో తన మొదటి వన్డేలోనే సెంచరీ కొట్టింది. వీళ్లను తయారుచేసింది స్టేడియాలు కాదు. కొందరు కోచ్‌లు, కొన్ని కుటుంబాలు, ఆపైన ఉద్యోగాలు. స్త్రీల క్రికెట్‌లోనూ కబడ్డీలోనూ రైల్వే జట్లు అంత బలంగా వుండటానికి కారణం అక్కడ నెలజీతం వుండటమే. నగరానికి స్టేడియం వుంది, దానికొక మహిళా జట్టు లేదు. రైల్వేకు మహిళా జట్టు వుంది. ఆటగత్తెకు గ్యాలరీ కన్నా ముందు జీతం కావాలన్న సంగతి ఈ ఒక్క పోలికలోనే తెలుస్తుంది.

విజయవాడ మున్సిపల్ స్టేడియంలో 2002 నవంబరు 24న జరిగిన భారత్–వెస్టిండీస్ పురుషుల వన్డే చాలామందికి గుర్తుంటుంది. క్రిస్ గేల్ సెంచరీ, మనవాళ్ల ఘోర ఓటమి. దానికి అయిదేళ్ల ముందే, 1997 డిసెంబరు 12న, ఆ మైదానం మీద మహిళా ప్రపంచ కప్పు మ్యాచ్ జరిగింది. ఇంగ్లండు, పాకిస్తాన్ ఆడాయి. ఇంగ్లండు 50 ఓవర్లలో 2 వికెట్లకు 376 పరుగులు చేసింది. పాకిస్తాన్ 3 వికెట్లకు 146 పరుగుల దగ్గర ఆగింది. 230 పరుగుల తేడా. రికార్డు పుస్తకంలో ఇది ఒక ఏకపక్షపు మ్యాచ్.

నాకు ఆ 146 కన్నా దాని పక్కనున్న 3 ముఖ్యం. పాకిస్తాన్ మహిళలు తమ మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది ఆ ఏడాది జనవరిలోనే. షైజా ఖాన్, షర్మీన్ ఖాన్ అనే అక్కచెల్లెళ్లు సొంత ఇంటి పలుకుబడితో, బెదిరింపుల మధ్య ఆ జట్టును కూడగట్టారు. ఆడటానికి తగినంత మంది దొరకడమే కష్టమైన జట్టు అది. అటువంటి జట్టు ప్రపంచంలోని బలమైన బౌలర్ల ముందు, పొరుగు దేశంలో, చివరిదాకా నిలబడింది. ఏడు వికెట్లు చేతిలో వుంచుకుని బయటికొచ్చింది. గెలవలేకపోయినా కూలిపోలేదు. గెలుపోటముల లెక్క ఒక్కటే చరిత్ర అనుకుంటే ఈ నిలబడటానికి కాలమ్ లేదు. స్త్రీల చరిత్ర రాసేవాళ్లం మనం ఆ కాలమ్ గీసుకోవాలి. ఒక మున్సిపాలిటీ మైదానం, కృష్ణా తీరాన, ఆ పిల్లలకు ఒక పూట నిలబడే చోటిచ్చింది. బహుళార్థసాధకం అన్న మాటకు అంతకన్నా మంచి అర్థం నాకు కనబడలేదు.

మరి నడుమనున్న మన ఊళ్ల సంగతి? స్త్రీలు ఆరుబయట గుమిగూడటం ఇక్కడ కొత్తేమీ కాదు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభతో పాటు మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ దానికి అధ్యక్షురాలు. అప్పటినుంచీ మహాసభ ఎక్కడ జరిగితే అక్కడ పక్కనే మహిళా సభ. 1941లో కోదాడకు దగ్గరలోని చిల్కూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదవ మహాసభ జరిగినప్పుడు మహిళా సభకు రంగమ్మ ఓబుల్‌రెడ్డి అధ్యక్షత వహించింది. బాల్యవివాహాల గురించి, ఆడపిల్లల చదువు గురించి స్త్రీలే తీర్మానాలు చేశారు. మగవారి సభ 'మహాసభ' అయింది, ఆడవారిది 'మహిళా సభ' అయింది. ఇప్పటికీ 'ప్రపంచ కప్పు' వేరు, 'మహిళల ప్రపంచ కప్పు' వేరు కదా. విశేషణం ఎప్పుడూ మనకే తగిలిస్తారు. అయినా ఆ విశేషణంతోనే, ఆ పక్క పందిట్లోనే మొదటిసారి మైకు ముందు నిలబడ్డ స్త్రీలు వున్నారన్నదీ మరవకూడదు.

ఆ తర్వాత వచ్చిన సాయుధ పోరాటంలో సూర్యాపేట ప్రాంతపు కర్విరాల కొత్తగూడెం నుంచి మల్లు స్వరాజ్యం వచ్చింది. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. ఊరూరా జనాన్ని కదిలించడానికి ఆమె వాడిన రూపం ఉయ్యాల పాట, బతుకమ్మ బాణీ. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఆ తరం స్త్రీలు తమ గొంతుతో చెప్పుకున్నవి మనం విన్నాం. పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్నారన్న బాధ ఆ పుస్తకంలో చాలా గొంతుల్లో వినిపిస్తుంది. మైదానం తాత్కాలికంగా దొరికింది, మళ్లీ పోయింది.

తెలంగాణలో బతుకమ్మను 'ఆడతాం' అంటాం. ఈ క్రియాపదాన్ని గమనించాలి. పాట పాడతాం, బతుకమ్మ ఆడతాం. తొమ్మిది రోజులు చెరువు గట్టూ, గుడి ముందరి జాగా, బడి మైదానం స్త్రీలవి. వలయంగా తిరుగుతారు, వంగుతారు, చప్పట్లు చరుస్తారు, గంటలకొద్దీ అలసిపోరు. శరీరానికి ఇది ఆటే. కానీ దీన్ని లెక్కించేటప్పుడు 'సంస్కృతి' అంటారు, 'క్రీడ' అనరు. 2016 అక్టోబరు 8న లాల్ బహదూర్ స్టేడియంలో తొమ్మిది వేలకు పైగా స్త్రీలు ఒకేసారి బతుకమ్మ ఆడారు, గిన్నిస్ రికార్డయింది. సంతోషించవలసిందే. సంస్కృతిగా వేల సంఖ్యలో స్టేడియంలోకి రానిచ్చిన స్త్రీలను ఆటగత్తెలుగా ఏడాది పొడవునా రానిస్తున్నామా అన్నది నా ప్రశ్న. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, తొక్కుడుబిళ్ల అన్నీ పెరట్లో, వాకిట్లో ఆడే ఆటలు. వాటికి కావలసిన జాగా నాలుగు గీతల మధ్య సరిపోతుంది. ఆడపిల్లకు చిన్న జాగాతో సరిపెట్టుకోవడం నేర్పే మొదటి పాఠం బహుశా ఆ గీతల్లోనే వుంది.

చెడుగుడు మాత్రం ఆ గీతలు దాటిన ఆట. అదికూడా చిన్న జాగాలోనే ఆడతారు, ఖర్చులేదు, పల్లె పిల్లలకు దగ్గరిది. ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990లో చేరితే స్త్రీల కబడ్డీకి 2010 దాకా ఇరవై ఏళ్లు పట్టింది. చేరిన ఏడే మన అమ్మాయిలు స్వర్ణం తెచ్చారు, 2014లోనూ తెచ్చారు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ వచ్చింది, తెలుగు టైటాన్స్ అనే పురుషుల జట్టు మనదయింది. 2016లో ఆ లీగ్ పక్కనే మూడు జట్లతో మహిళల కబడ్డీ చాలెంజ్ పెట్టారు. కర్ణాటకలో పుట్టి, దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగినిగా ఆడిన మమతా పూజారి ఫైర్ బర్డ్స్‌కు నాయకురాలు. జూలై 31న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగిన ఫైనల్లో స్టార్మ్ క్వీన్స్ ఒకే ఒక్క పాయింటు తేడాతో ఫైర్ బర్డ్స్‌ను ఓడించింది. అంతటి ఉత్కంఠ తర్వాత మరుసటి ఏడు ఆ పోటీయే లేదు. పురుషుల లీగ్ జట్లను పెంచుకుంటూ పోయింది. 2023లో మొదలైన మహిళల ప్రీమియర్ లీగ్ క్రికెట్ అయిదు జట్లలోనూ హైదరాబాదు లేదు, ఏ తెలుగు నగరమూ లేదు. ఐపీఎల్‌లో మాత్రం మన నగరం పేరున పురుషుల జట్టు మొదటినుంచీ వుంది.

ఇక సూర్యాపేట. 2021 మార్చి 22 సాయంత్రం 47వ జూనియర్ జాతీయ కబడ్డీ పోటీల ప్రారంభం వేళ, ప్రేక్షకుల కోసం తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ కూలింది. వందమందికి పైగా గాయపడ్డారు. ఒక జిల్లా కేంద్రానికి దేశమంతటి నుంచీ పిల్లలు వచ్చారు, చూడటానికి వేలమంది ఎగబడ్డారు. ఈ గడ్డకు ఆట మీద వున్న ఆకలికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ ఆకలికి మనం వేసిన పీట మాత్రం నాలుగు రోజులకని కట్టింది. శాశ్వతమైనది నగరాలకు, తాత్కాలికమైనది పట్టణాలకు. అదే పట్టణంలో మళ్లీ శాశ్వతమైనది మగపిల్లలకు, తాత్కాలికమైనది ఆడపిల్లలకు. ఈ నిచ్చెనలో అడుగుమెట్టు మీద మిర్యాలగూడ ఆడపిల్ల వుంటుంది.

దూరం సంగతి కూడా చెప్పుకోవాలి. సైనా నెహ్వాల్ 1990ల చివర ఆట మొదలుపెట్టింది లాల్ బహదూర్ స్టేడియంలోనే. రాజేంద్రనగర్ వైపు నుంచి సుమారు 25 కిలోమీటర్లు. తెల్లవారకముందే తండ్రి స్కూటరు మీద బయల్దేరేవారు. పిల్ల నిద్రలో తూలిపడకుండా తల్లి వెనక కూర్చునేది. ఈ కథను మనం తండ్రి త్యాగంగా, కూతురి పట్టుదలగా ఎన్నోసార్లు విన్నాం. ఆ స్కూటరు వెనక సీటు మీద ఒక స్త్రీ శ్రమ వుంది, దానికి ఏ పతకంలోనూ వాటా లేదు. సైనా 2012లో ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. అంతకు పన్నెండేళ్ల ముందే, 2000 సెప్టెంబరు 19న, సిడ్నీలో 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ అయింది శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లేశ్వరి. 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా శ్రీచరణి, హైదరాబాదు అరుంధతీ రెడ్డి వున్నారు. 'చూశారా, పట్టుదల వుంటే స్టేడియం అక్కర్లేదు' అని ఈ పేర్లు చెప్పి మన నోరు మూయించేవాళ్లుంటారు. నేను ఆ వాదాన్ని తిరగేసి చదువుతాను. స్టేడియం నడిచి వెళ్లే దూరంలో వుంటే, స్కూటరూ వెనక సీటు అమ్మా అవసరం లేకుంటే, ఇంకెన్ని పేర్లు వుండేవి?

ఆ అక్టోబరులోనే విశాఖపట్నం స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు విజయవాడ ప్రాంతపు వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. పేర్లు పెట్టడం చిన్న విషయం కాదు. ఫతే మైదానం అంటే విజయ మైదానం. ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించినప్పుడు విడిది చేసిన చోటని చెప్పుకునే మైదానం. రాజుల గెలుపు, ప్రధానుల పేర్లు దాటి ఆటో డ్రైవరు కూతురైన కల్పన పేరు ఒక గేటు మీదికి రావడానికి ఇంతకాలం పట్టింది. గేటు మీద పేరొచ్చాక ఆ గేటు ఎప్పుడు తెరుస్తారు, ఎవరి కోసం తెరుస్తారు అన్నది అడగాలి.

అడగడానికి మనకు చట్టం వుంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో వచ్చిన పన్నెండవ షెడ్యూలులో పన్నెండవ అంశం ఉద్యానవనాలు, ఆటస్థలాలు. అంటే మైదానం మున్సిపాలిటీ బాధ్యత. తెలంగాణలో మున్సిపల్ సీట్లలో సగం స్త్రీలవి. 2022 జూన్‌లో ఊరికొక తెలంగాణ క్రీడా ప్రాంగణం అన్న పథకం కూడా మొదలైంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ మున్సిపాలిటీలే. ఆ కౌన్సిళ్లలో కూర్చునే స్త్రీలు మొదటి సమావేశంలో అడగవలసినవి పెద్ద స్టేడియాలు కావు. మైదానంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి వుందా? సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఎవరు ఆడుతున్నారు? దీపాలు గోల్‌పోస్టు దగ్గరే వెలుగుతున్నాయా, ఇంటికి పోయే దారిలో కూడానా? జీతమిచ్చి పెట్టిన మహిళా కోచ్ వుందా? మున్సిపాలిటీ పేరున ఒక బాలికల జట్టు వుందా? సభలకూ ఎగ్జిబిషన్లకూ మైదానాన్ని అద్దెకిచ్చిన రోజులు ఎన్ని, వచ్చిన డబ్బులో ఆటకు పోయింది ఎంత? ఈ ప్రశ్నలకు జవాబులు రిజిస్టర్లలో వుంటాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో దొరుకుతాయి.

రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం మనకు ఇందులో వేరే పని కూడా వుంది. 1978 జనవరిలో లాల్ బహదూర్ స్టేడియంలో గ్యాలరీలో కూర్చున్న ఆడపిల్లలకు ఇప్పుడు అరవై దాటి వుంటాయి. జిల్లా స్కూలు జట్లలో కబడ్డీ, ఖోఖో ఆడి, పెళ్లి కాగానే ఆట వదిలేసినవాళ్లు మన వీధుల్లోనే వున్నారు. స్త్రీశక్తి సంఘటన టేప్ రికార్డరు పట్టుకుని పోరాటపు స్త్రీల దగ్గరకు వెళ్లినట్టు ఎవరైనా వీళ్ల దగ్గరకు వెళ్లాలి. ఏ ఏడు ఆట మానేశారు, ఎవరు మాన్పించారు, చివరిసారి పరుగెత్తింది ఎప్పుడు అని అడిగి రాసుకోవాలి. మైదానంలో మన వాటా కౌన్సిల్లో తేల్చుకుందాం. జ్ఞాపకంలో మన వాటాకు మాత్రం ఎవరి తీర్మానమూ అక్కర్లేదు, ఈ నెలలోనే పని మొదలుపెట్టవచ్చు.